ఇంగ్లీషు వాక్యాన్ని విడదీయడం: ఏ మాట ఏ పనిలో ఉంది, ఏ ఫ్రేజ్‌కు తల ఏది

"రౌండ్" అనే మాట ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్ అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేయాలి: ఏ వాక్యంలో?

"ఎ రౌండ్ టేబుల్" అంటే గుండ్రని బల్ల, కాబట్టి అక్కడ అది విశేషణం. "ది సెకండ్ రౌండ్" అన్నప్పుడు నామవాచకం. "ది కార్ రౌండెడ్ ది కార్నర్" అంటే కారు మలుపు తిరిగింది, ఇక్కడ క్రియ. "ది షాప్ ఈజ్ రౌండ్ ది కార్నర్"లో ప్రిపొజిషన్. "షి టర్న్‌డ్ రౌండ్"లో క్రియావిశేషణం. మాట ఒకటే, కూర్చున్న కుర్చీలు ఐదు. అందుకే ఈ మాట నౌన్, ఆ మాట వెర్బ్ అని పట్టికలు బట్టీ పట్టినవాళ్లు పరీక్షలో తడబడతారు. మాటను కాదు, అది కూర్చున్న చోటును పరీక్షించాలి.

"పేర్లను తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ" అన్న బడి నిర్వచనం మొదటి మెట్టు వరకే పనికొస్తుంది. "అరైవల్" అంటే రావడం, అది పనే కదా? అయినా అది నౌనే. తెలుగులో "రాక" నామవాచకం, "వచ్చింది" క్రియ అయినట్టే ఇదీ.

పార్ట్స్ ఆఫ్ స్పీచ్ (భాషాభాగాలు) ఎనిమిది అని బడిలో చెప్పే లెక్క గురించి ఒక మాట. గ్రీకు వ్యాకర్తలు తమ భాషకు ఎనిమిది భాగాలు చెప్పారు, అందులో ఆర్టికల్ ఒకటి. లాటిన్‌లో ఆర్టికల్స్ లేవు. రోమన్ వ్యాకర్తలు దాన్ని తీసేసి, ఆశ్చర్యార్థకాన్ని చేర్చి ఎనిమిది లెక్క నిలబెట్టారు. ఆ లాటిన్ చట్రమే ఇంగ్లీషుకు వచ్చింది. ఇంగ్లీషులో ఆర్టికల్స్ ఉన్నా పాత పట్టికలో వాటికి వేరే గది లేక విశేషణాల కింద సర్దేశారు. ఇప్పటి వ్యాకరణాలు "ఎ, ది, దిస్, మై, ఎవ్రీ, సమ్" లాంటివాటిని డిటర్మినర్లు అని విడిగా చూపుతున్నాయి. మనకు ఆ విడి గది చాలా అవసరం. ఎందుకో కిందే తెలుస్తుంది.

మాటను పట్టుకునే పరీక్షలు

నౌన్‌కు: ముందు "ది" పెట్టి చూడండి, చివర బహువచనపు "స్" తగిలించి చూడండి. "ది అరైవల్", "అరైవల్స్" రెండూ కుదిరాయి. రెండో పరీక్షలో కొన్ని నౌన్లు తప్పుతాయి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్, ఎక్విప్‌మెంట్ లెక్కపెట్టలేనివి. "ఫర్నిచర్స్", "అడ్వైసెస్" అనకూడదు. లెక్క కావాలంటే "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్", "టూ పీసెస్ ఆఫ్ లగేజ్" అనాలి. అడ్వైస్ నౌన్, చివర "జ్" పలికే అడ్వైజ్ వెర్బ్. స్పెల్లింగులో "సి", "ఎస్" తేడా కూడా అందుకే.

డిటర్మినర్‌కు: ఆ కుర్చీలో ఒక్కరే కూర్చోవాలి. తెలుగులో "నా ఈ పుస్తకం" అంటే ఎవరూ తప్పుపట్టరు. ఇంగ్లీషులో "మై దిస్ బుక్" కుదరదు, ఎందుకంటే "మై", "దిస్" రెండూ డిటర్మినర్లే. "దిస్ బుక్ ఆఫ్ మైన్" అనాలి. ఈ రెంటినీ విశేషణాలనుకున్నవాళ్లకు ఈ తప్పు ఎందుకు తప్పో అంతుపట్టదు. విశేషణాలు ఎన్నయినా వరసగా రావచ్చు కదా.

క్రియకు: కాలం మార్చండి. మారితే వెర్బ్. "టుడే" అన్నది "ఎస్టర్‌డే" అయినప్పుడు వాక్యంలో ఏ మాట రూపం మారుతుందో చూస్తే చాలు. దీనితో ఒక పాత రోగానికి మందు దొరుకుతుంది. "ఐ కెన్ ఏబుల్ టు డూ" ఎందుకు తప్పు? "ఏబుల్"కు కాలం మార్చలేం, "ఏబుల్డ్" లేదు. అంటే అది క్రియ కాదు, విశేషణం. "కెన్" తర్వాత క్రియే రావాలి. కాబట్టి "ఐ కెన్ డూ" అనాలి, లేదా "ఐ యామ్ ఏబుల్ టు డూ" అనాలి.

విశేషణానికి: "సీమ్స్" తర్వాత పెట్టి చూడండి. "హి సీమ్స్ హ్యాపీ" కుదిరింది, "హి సీమ్స్ హ్యాపిలీ" కుదరలేదు. చాలామంది "వెరీ" పరీక్ష చెబుతారు గానీ, దానికి క్రియావిశేషణం కూడా పాసవుతుంది: "వెరీ క్విక్‌లీ". అందుకని "సీమ్స్" నయం. రెండు రకాల మినహాయింపులున్నాయి. "మెయిన్", "ఫార్మర్" లాంటివి నౌన్ ముందే వస్తాయి, సీమ్స్ తర్వాత రావు. "అస్లీప్", "అలైవ్", "అఫ్రెయిడ్" లాంటివి తిరగబడతాయి: "ది చైల్డ్ ఈజ్ అస్లీప్" సరే, "యాన్ అస్లీప్ చైల్డ్" తప్పు. నౌన్ ముందు కావాలంటే "ఎ స్లీపింగ్ చైల్డ్".

క్రియావిశేషణం దగ్గర కాస్త ఆగాలి. "లీ"తో ముగిస్తే అడ్వెర్బ్ అన్న సూత్రం ఎంత మందిని ముంచిందో! ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, సిల్లీ, కౌవర్డ్లీ (పిరికి), ఇవన్నీ విశేషణాలు. "హి స్పోక్ ఫ్రెండ్లీ" ప్రామాణిక ఇంగ్లీషు కాదు, "ఇన్ ఎ ఫ్రెండ్లీ వే" అనాలి. మరోవైపు ఫాస్ట్, హార్డ్ లాంటివి "లీ" లేకుండానే అడ్వెర్బ్‌లు. "హి వర్క్స్ హార్డ్" అంటే కష్టపడి పనిచేస్తాడు. "హి హార్డ్‌లీ వర్క్స్" అంటే దాదాపు పనే చేయడు. రెజ్యూమేలో ఈ రెండూ తారుమారైతే అంతే సంగతులు.

తెలుగువాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. మన క్రియావిశేషణానికి గుర్తు "గా": వేగంగా, నెమ్మదిగా. ఆ "గా"ను చూసి "లీ" తగిలించడం అలవాటవుతుంది. కానీ "కూర రుచిగా ఉంది", "ఆమె సంతోషంగా ఉంది" అన్న వాక్యాల్లో "గా" ఉన్నా, ఇంగ్లీషులో అక్కడ విశేషణమే రావాలి: "షి ఈజ్ హ్యాపీ", "ది కర్రీ టేస్ట్స్ గుడ్". ఈజ్, సీమ్, లుక్, ఫీల్, టేస్ట్, స్మెల్, సౌండ్ లాంటి క్రియలు సబ్జెక్ట్ ఎలా ఉందో చెబుతాయి గనక విశేషణాన్ని కోరతాయి. "గా" తర్వాత "ఉంది" పెట్టి చూడండి. సంతోషంగా ఉంది అంటే విశేషణం, సంతోషంగా పాడింది అంటే అడ్వెర్బ్. అయితే చోటును చెప్పే "ఇక్కడ ఉంది", "పైన ఉంది" లాంటివాటికి ఈ పరీక్ష వాడకండి.

ప్రిపొజిషన్‌కు: ముందు "రైట్" అనే మాట చేర్చండి. "రైట్ ఆఫ్టర్ ది మీటింగ్", "రైట్ అండర్ ది బ్రిడ్జ్". చోటు, సమయం చెప్పే ప్రిపొజిషన్లన్నీ దాదాపు దీనికి లొంగుతాయి. "ఆఫ్" లాంటివి లొంగవు. వాటికి వెనక ఒక నౌన్ గానీ సర్వనామం గానీ తోడుందో లేదో చూడాలి.

"టు" మాత్రం ప్రత్యేకం, దానికి రెండు ఉద్యోగాలు. "ఐ వాంట్ టు మీట్ యు"లో అది క్రియకు ముందుమాట. "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు"లో ప్రిపొజిషన్. ఆఫీసు ఈమెయిళ్లలో "లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు" అన్న తప్పు రోజూ కనబడుతుంది. తేల్చుకోవడం సులువే: "టు" తర్వాత "ఇట్" పెట్టండి. "ఐ లుక్ ఫార్వర్డ్ టు ఇట్" కుదిరింది, కాబట్టి ప్రిపొజిషన్, దాని వెనక క్రియ వస్తే "ఇంగ్" తప్పదు. "ఐ వాంట్ టు ఇట్" కుదరదు, కాబట్టి మామూలు క్రియారూపమే. "ఐ యామ్ యూస్డ్ టు ఇట్" కుదురుతుంది గనక "ఐ యామ్ యూస్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ".

కంజంక్షన్‌కు: వెనక వచ్చేది సబ్జెక్ట్, క్రియ ఉన్న పూర్తి క్లాజా అని చూడండి. "బిఫోర్ లంచ్"లో నౌన్ వచ్చింది, ప్రిపొజిషన్. "బిఫోర్ హి కేమ్"లో క్లాజ్ వచ్చింది, కంజంక్షన్. "ఐ హావ్ సీన్ దిస్ బిఫోర్"లో వెనక ఏమీ లేదు, అడ్వెర్బ్. ఆఫ్టర్, సిన్స్‌లకూ ఇదే కొలత. "అండ్, ఆర్, బట్" మాత్రం రెండు వైపులా ఒకే జాతివాటిని కలుపుతాయి. "హి లైక్స్ స్విమ్మింగ్ అండ్ టు రన్" మొరటుగా వినబడేది అందుకే.

సర్వనామాలూ ఆశ్చర్యార్థకాలూ ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టవు, దాటేద్దాం.

ఫ్రేజ్‌కు తల

కొన్ని మాటలు గుంపుగా చేరి ఒకే కుర్చీలో కూర్చుంటే ఫ్రేజ్. గుంపులో పెద్ద దిక్కు ఒక్కటే, అదే తల, ఇంగ్లీషులో హెడ్. తల నౌన్ అయితే నౌన్ ఫ్రేజ్, వెర్బ్ అయితే వెర్బ్ ఫ్రేజ్. అలాగే అడ్జెక్టివ్, అడ్వెర్బ్, ప్రిపొజిషనల్ ఫ్రేజ్‌లు. మొత్తం ఐదు.

తలను పట్టుకోవడంలోనే తెలుగువాళ్లకు అసలు చిక్కు. తెలుగులో తల ఎప్పుడూ చివర ఉంటుంది: "గుడి పక్కన ఉన్న బావిలోని నీళ్లు". తల నీళ్లు, చిట్టచివర. ఇంగ్లీషులో: "ది వాటర్ ఇన్ ది వెల్ బిసైడ్ ది టెంపుల్". తల మొదట్లోనే వచ్చేసింది. రెండిటినీ పక్కపక్కన పెడితే అద్దంలో బొమ్మలా తిరగబడ్డాయి: తెలుగులో గుడి, పక్కన, బావి, లో, నీళ్లు; ఇంగ్లీషులో వాటర్, ఇన్, వెల్, బిసైడ్, టెంపుల్. పొడవైన తెలుగు నామపదబంధాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే చివరి మాట నుంచి వెనక్కి నడవండి. "నిన్న హైదరాబాద్ నుంచి వచ్చిన అబ్బాయి" కూడా అంతే: "ది బాయ్ హూ కేమ్ ఫ్రమ్ హైదరాబాద్ ఎస్టర్‌డే".

తల ఎడమవైపు మాత్రం మనకు ఇబ్బంది లేదు. "ఆ రెండు అందమైన పాత ఇత్తడి దీపాలు" అంటే "దోజ్ టూ బ్యూటిఫుల్ ఓల్డ్ బ్రాస్ ల్యాంప్స్", వరస ఒక్కటే. డిటర్మినర్, సంఖ్య, అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ఊరు లేదా దేశం, పదార్థం, ఆపైన తల. అన్నీ ఒకే వాక్యంలో పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు; మూడు దాటితే వాక్యమే బరువెక్కుతుంది.

తల తెలియకపోతే వచ్చే తప్పుల్లో మొదటిది క్రియతో పొత్తు కుదరకపోవడం. "ది లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్ ఆర్ డిస్‌ప్లేడ్" అని నోటీసు బోర్డుల మీద చూస్తూనే ఉంటాం. క్రియకు ఆనుకుని ఉన్న "క్యాండిడేట్స్"ను చూసి "ఆర్" వేశారు, తెలుగు అలవాటు ప్రకారం చివరిది తల అనుకుని. తల "లిస్ట్". కాబట్టి "ఈజ్ డిస్‌ప్లేడ్". "ఆఫ్" దగ్గర వేలు అడ్డం పెట్టి చదవండి, సగం తప్పులు అక్కడే కనబడతాయి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్" అన్నదీ అదే లెక్క: తల "వన్", క్రియ ఏకవచనం, "ఆఫ్" వెనక ఉన్నది గుంపు గనక "ఫ్రెండ్స్" బహువచనం. వేలు పని చేయని చోటు ఒకటుంది. "ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్" సరే గానీ, "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్". రెండోదాంట్లో "ఎ నంబర్ ఆఫ్" అంటే "చాలామంది" అని మాత్రమే, బరువంతా స్టూడెంట్స్ మీదే ఉంది.

వెర్బ్ ఫ్రేజ్‌లో ప్రతి సహాయక క్రియా తన తర్వాతి మాట రూపాన్ని నిర్ణయిస్తుంది. వరస ఇది: మోడల్ (కెన్, మస్ట్ లాంటివి), ఆపైన హావ్, ఆపైన కొనసాగుతున్న పనికి బి (ఈజ్, బీన్ లాంటి రూపాలు దీనివే), ఆపైన పాసివ్‌కు బి, చివర అసలు క్రియ. మోడల్ తర్వాత మూలరూపం. హావ్ తర్వాత మూడో రూపం. మొదటి బి తర్వాత "ఇంగ్". పాసివ్ బి తర్వాత మూడో రూపం. "ది రోడ్ మస్ట్ హావ్ బీన్ రిపేర్డ్" తీసుకోండి. మస్ట్ ఉంది గనక రోడ్ ఒక్కటే అయినా "హాజ్" కాదు, "హావ్". హావ్ ఉంది గనక "బీన్". పాసివ్ గనక "రిపేర్డ్". కాలం గుర్తు గొలుసులో మొదటి మాట మీదే పడుతుంది, ఒక్కసారే పడుతుంది. "డిడ్ యు వెంట్" తప్పు కావడానికి కారణం అదే: భూతకాలాన్ని "డిడ్" తీసేసుకుంది, "గో"కు మిగల్లేదు. "డజ్ హి గోస్"కూ ఇదే జబ్బు. కొన్ని పుస్తకాలు ఈ గొలుసును మాత్రమే వెర్బ్ ఫ్రేజ్ అంటాయి, కొన్ని కర్మతో సహా అంతా కలిపి అంటాయి. మీ పుస్తకం ఏది అంటోందో ముందే చూసుకోండి.

తెలుగులో "అతను డాక్టర్" అంటే వాక్యం పూర్తయిపోతుంది. ఇంగ్లీషులో వెర్బ్ ఫ్రేజ్ లేనిదే పూర్తి వాక్యం నిలవదు. "హి డాక్టర్"లో రెండు కుర్చీలు ఖాళీ: "ఈజ్" లేదు, "ఎ" లేదు.

అడ్జెక్టివ్ ఫ్రేజ్: "వెరీ ప్రౌడ్ ఆఫ్ హర్ సన్", తల "ప్రౌడ్". ఇందులో గుర్తుంచుకోవాల్సింది "ఇనఫ్" స్థానం: "ఓల్డ్ ఇనఫ్", విశేషణం తర్వాత, కానీ "ఇనఫ్ మనీ", నౌన్‌కు ముందు. అడ్వెర్బ్ ఫ్రేజ్ చిన్నది, "క్వైట్ స్లోలీ" లాంటిది.

ప్రిపొజిషనల్ ఫ్రేజ్‌లో ప్రిపొజిషన్, దాని వెనక నౌన్ ఫ్రేజ్. మన విభక్తులు వెనక తగిలేవి, వాళ్లవి ముందు నిలిచేవి. చోటు తారుమారవడం కంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, తెలుగులో విభక్తి ఉన్నచోటల్లా ఇంగ్లీషులో ప్రిపొజిషన్ ఉండదు. "గురించి చర్చించాం" అని "డిస్కస్డ్ అబౌట్" అంటారు. "డిస్కస్" నేరుగా కర్మను తీసుకుంటుంది. "స్టేషన్‌కు చేరాం" అని "రీచ్డ్ టు ది స్టేషన్", "టు" వద్దు. "గదిలోకి ప్రవేశించాడు" అంటే "ఎంటర్డ్ ది రూమ్". "డిస్పైట్ ఆఫ్" కూడా తప్పే: "డిస్పైట్ ది రెయిన్" లేదా "ఇన్ స్పైట్ ఆఫ్ ది రెయిన్".

ఒక వాక్యాన్ని విప్పుదాం

"ది ఓల్డ్ బ్రిడ్జ్ నియర్ అవర్ విలేజ్ హాజ్ బీన్ క్లోజ్డ్ సిన్స్ జులై బికాజ్ ఆఫ్ హెవీ ఫ్లడ్స్."

ముందు కాలం మారే మాట వెతకండి. "హాజ్". అక్కడి నుంచి గొలుసు: "హాజ్ బీన్ క్లోజ్డ్". ఇది వెర్బ్ ఫ్రేజ్.

దాని ఎడమవైపు అంతటినీ "ఇట్"తో మార్చండి: "ఇట్ హాజ్ బీన్ క్లోజ్డ్ సిన్స్ జులై". కుదిరింది. అంటే "ది" నుంచి "విలేజ్" దాకా ఒక్కటే నౌన్ ఫ్రేజ్. ఒట్టి "బ్రిడ్జ్" స్థానంలో "ఇట్" పెడితే "ది ఓల్డ్ ఇట్ నియర్ అవర్ విలేజ్" అవుతుంది, నవ్వొస్తుంది. సర్వనామం నౌన్‌కు బదులు వస్తుందని చెబుతారు గానీ, నిజానికి అది మొత్తం నౌన్ ఫ్రేజ్‌కు బదులు వస్తుంది.

ఆ నౌన్ ఫ్రేజ్ లోపల "నియర్ అవర్ విలేజ్" ప్రిపొజిషనల్ ఫ్రేజ్. దాని లోపల "అవర్ విలేజ్" ఇంకో చిన్న నౌన్ ఫ్రేజ్. డబ్బాలో డబ్బా.

కుడివైపున "సిన్స్ జులై". ప్రశ్న వేసి చూడండి: ఎప్పటి నుంచి? "సిన్స్ జులై" అని ఒంటరిగా జవాబు నిలబడింది, కాబట్టి ఒక ఫ్రేజ్. "బికాజ్ ఆఫ్ హెవీ ఫ్లడ్స్"ను వాక్యం మొదటికి జరపొచ్చు, అదీ ఒక ఫ్రేజే. వెనక నౌన్ ఫ్రేజ్ ఉంది గనక "బికాజ్ ఆఫ్". క్లాజ్ ఉంటే "ఆఫ్" పోతుంది: "బికాజ్ ది రివర్ ఫ్లడెడ్". డ్యూరింగ్, వైల్ మధ్య తేడా కూడా ఇంతే: మొదటిదానికి నౌన్ ఫ్రేజ్, రెండోదానికి క్లాజ్.

పరీక్షలు మూడు: సర్వనామంతో మార్చడం, జరపడం, ఒంటరి జవాబుగా నిలబెట్టడం. ప్రతి ఫ్రేజూ మూడూ పాసవ్వదు, ఒకటి పాసైనా పట్టుకోవచ్చు.

ఫ్రేజ్ ఎవరికి చెందిందో తేలని వాక్యాలూ ఉంటాయి. "ది పోలీస్ కాట్ ది థీఫ్ విత్ ఎ స్టిక్". కర్ర ఎవరి చేతిలో ఉంది? ఇక్కడ తెలుగే మనకు సాయం చేస్తుంది. "కర్రతో దొంగను పట్టుకున్నారు" అంటే ఆ ఫ్రేజ్ క్రియది, "కర్ర ఉన్న దొంగను పట్టుకున్నారు" అంటే నౌన్‌ది. "హిమ్" పెట్టి చూస్తే "కాట్ హిమ్ విత్ ఎ స్టిక్" అవుతుంది, అప్పుడు కర్ర పోలీసులది. కర్ర దొంగదే అయి, మీరు రాసేటప్పుడు అయోమయం వద్దనుకుంటే "హూ హ్యాడ్ ఎ స్టిక్" అని విప్పేయండి.

ప్రిపొజిషన్‌లా కనిపించి మోసం చేసేది ఇంకొకటి ఉంది. "హి రాన్ అప్ ది హిల్" అంటే గుట్ట ఎక్కుతూ పరుగెత్తాడు. "హి రాన్ అప్ ఎ బిల్" అంటే బాకీ పెంచేశాడు. మొదటిదాంట్లో "అప్ ది హిల్" ఫ్రేజ్. రెండోదాంట్లో "అప్" క్రియలో భాగం, పార్టికల్. నౌన్‌ను దాటించి చూడండి: "రాన్ ఎ బిల్ అప్" కుదురుతుంది, "రాన్ ది హిల్ అప్" కుదరదు. ఇలా విడిపోయే క్రియలతో సర్వనామం తప్పనిసరిగా మధ్యలో రావాలి. "స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్", "స్విచ్ ది ఫ్యాన్ ఆఫ్" రెండూ సరే, కానీ "స్విచ్ ఇట్ ఆఫ్" మాత్రమే. "స్విచ్ ఆఫ్ ఇట్" అనకూడదు.

పరీక్ష రాసేవాళ్లకు

పాత బడి వ్యాకరణాలు ఫ్రేజ్‌కు పని చూసి పేరు పెడతాయి, కొత్తవి తల చూసి పెడతాయి. "ఎ మ్యాన్ ఆఫ్ గ్రేట్ కరేజ్"లో "ఆఫ్ గ్రేట్ కరేజ్" మ్యాన్‌ను వర్ణిస్తోంది గనక పాత లెక్కలో అడ్జెక్టివ్ ఫ్రేజ్. తల "ఆఫ్" గనక కొత్త లెక్కలో ప్రిపొజిషనల్ ఫ్రేజ్. "హి కేమ్ ఇన్ ది మార్నింగ్"లో "ఇన్ ది మార్నింగ్" పాత లెక్కలో అడ్వెర్బ్ ఫ్రేజ్, కొత్త లెక్కలో మళ్లీ ప్రిపొజిషనల్ ఫ్రేజ్. "ఐ హోప్ టు విన్"లో "టు విన్"ను పాతవాళ్లు నౌన్ ఫ్రేజ్ అంటారు, అది "హోప్"కు కర్మ స్థానంలో ఉందని, కొత్తవాళ్లు అనరు. రెండు పద్ధతులూ తప్పు కావు, కలగలపడమే తప్పు. ప్రశ్నలో ఫంక్షన్ అని గానీ "డజ్ ది వర్క్ ఆఫ్" అని గానీ ఉంటే పని అడుగుతున్నట్టు. ఆప్షన్లలో నౌన్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్ ఫ్రేజ్‌లు మాత్రమే ఉండి ప్రిపొజిషనల్ ఫ్రేజ్ లేకపోతే అది పాత పద్ధతి ప్రశ్న. ఏ మాటను వర్ణిస్తోందో చూసి గుర్తు పెట్టేయండి.